పాతదనమునకు ప్రమాణమేది?

ఒక వస్తువు పాతదని మనకెట్లు తెలియును? దాని రంగు కంటికి కనబడును, బరువు చేతికి తెలియును, మోగినచో నాదము చెవిని పడును. కాని నూరేండ్ల వయస్సనునది ఏ ఇంద్రియమునకును అందునది కాదు. మన యెదుట నున్న కొయ్యయు ఇనుమును మాత్రమే ప్రత్యక్షములు. గడచిన కాలమును ఊహించి తెలిసికొనవలెను, లేదా ఒకరు చెప్పగా నమ్మవలెను. ఐనను పురావస్తువుల అంగడిలో కొనువాడు ముఖ్యముగా సొమ్ము చెల్లించునది ఈ కనబడని కాలమునకే. బెంగుళూరు చిక్కపేట, అవెన్యూ రోడ్డు ప్రాంతములలో ఆదివారపు సంతనాడు పాత తాళములు, గడియారములు, కెమెరాల నడుమ నున్న ఒక ఎడిసన్ ఫోనోగ్రాఫు ముందు నిలిచి ధర యడుగువాడు, తానెరుగకయే, గౌతముని న్యాయసూత్రములు విచారించిన ప్రశ్ననే అడుగుచున్నాడు: నాకు కలిగిన ఈ జ్ఞానము యథార్థమనుటకు ప్రమాణమేమి?

ఆవును పోలిన మృగమును గవయమందురని అడవివాని వలన విన్న పట్టణవాసి, అడవిలో అట్టిదానిని చూచి ఇదియే గవయమని గుర్తించునని నైయాయికులు ఉపమానమను ప్రమాణమునకు ఉదాహరణ చెప్పుదురు. ఫోనోగ్రాఫు విషయమున ఈ పోలికయే మొదటి పొరపాటునకు త్రోవ తీయుచున్నది. ఏలయన మనవారిలో పెక్కుమంది ఎరిగినది పళ్లెము వంటి రికార్డు తిరుగు గ్రామఫోనునే, కావున ఇత్తడి బూర యున్న ప్రతి పెట్టెయు వారికి ఫోనోగ్రాఫుగానే తోచును. ఇచ్చట ఫోనోగ్రాఫనగా సిలిండరు యంత్రము. ఎడిసన్ తగరపు రేకుపై మాటను నిలిపి మరల పలికించినది 1877లో. మైనపు సిలిండర్లు ఆ తరువాతివి. కలకత్తాలో హేమేంద్రమోహన బోసు ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో రవీంద్రుని కంఠమును సహితము సిలిండర్లపై నిలిపెను. కాని 1908లో అదే నగరమున సియాల్దాలో గ్రామఫోను కంపెనీ కర్మాగారము నెలకొన్న పిదప పళ్లెపు రికార్డే దేశమంతటను వ్యాపించినది. అందుచేతనే మన ప్రాంతమున నిజమైన సిలిండరు యంత్రము అరుదు. కొత్త పెట్టెకు కొత్త ఇత్తడి బూర తగిలించి, ప్రసిద్ధమైన కుక్కబొమ్మ ముద్ర అంటించి అమ్మునవి మాత్రము కొల్లలు.

సిలిండరు యంత్రమునకు పళ్లెముండదు. కొనవైపు కొంచెము సన్నగిలిన లోహపు గొట్టమొకటి అడ్డముగా నుండును. సుమారు నాలుగుంబావు అంగుళముల పొడవు గల బోలు రికార్డును దానికి తొడుగుదురు. అది నిమిషమునకు 160 చుట్లు తిరుగుచుండగా, సన్నని మరలు గల ఉక్కుకడ్డీపై ఆనియున్న చిన్న మరబిళ్ల, సూది గల ధ్వనిపేటికను రికార్డు వెంట మెల్లగా నడుపుకొనిపోవును. కొనదలచినవాడు మొదట చూడవలసినది ఈ బిళ్ల పండ్లను. అవి అరిగిపోయినచో సూది ఒకచోటనే తిరుగుచుండును, లేదా గాడి తప్పును. పిమ్మట ధ్వనిపేటిక: రెండు నిమిషముల రికార్డుపై అంగుళమునకు 100 గాడులు, 1908లో వచ్చిన నాలుగు నిమిషముల అంబెరోల్ రికార్డుపై 200; మొదటిదానికి చేసిన సూదిని రెండవదానిపై ఆనించినచో సన్నని గాడి పాడగును. ఇక పేరు, క్రమసంఖ్య, పేటెంట్ల తేదీలు చెక్కిన రేకు కలదు. ఆ తేదీలలో కడపటిదానికి ముందు ఆ రేకు పుట్టి యుండుటకు వీలు లేదు. ఇది నిర్దుష్టమైన అనుమానము. ఐతే రేకు ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు మారి యుండవచ్చును గనుక, దాని మేకుల చుట్టును పాత రంగు చెదరకుండ నున్నదా, నల్లని పలకపై బంగారు గీతలు రేకు అంచువరకును ఒకే తీరున వెలిసినవా యని చూడవలయును.

తుప్పును చూచి వయస్సు నిర్ణయించువారు తర్కశాస్త్రమున సవ్యభిచారమని పేరొందిన దుష్టహేతువును నమ్ముచున్నారు. తుప్పు పాతదానియందును ఉండును, ఆమ్లము పూసిన కొత్తదానియందును ఉండును. రెండుచోట్లను కనబడు గుర్తు ఏ యొక్కదానిని సాధింపలేదు. చేయి తగులుచోట మాత్రము నున్నబడి, తగులనిచోట గరుకుగా మిగిలిన అరుగుదలయే సరియైన హేతువు, ఏలయన దానిని మోసగాడు తొందరలో సృష్టింపజాలడు.

అంతకంటె కఠినమైన ప్రశ్న మరియొకటి కలదు. స్ప్రింగు మార్చిరి, బూర మార్చిరి, పెట్టె మూత కొత్తగా చేయించిరి; ఇప్పుడది ఆ యంత్రమేనా? మిలిందరాజుతో నాగసేనుడను బౌద్ధభిక్షువు చక్రము రథము కాదు, ఇరుసు రథము కాదు, వానికి వేరుగా రథమనునదియు లేదు, అన్నియు కూడియున్నప్పుడు వ్యవహారమునకై పెట్టిన పేరే రథమని తెలిపెను. వైశేషికులు దీనికి విరుద్ధముగా, అవయవి, అనగా అవయవములు కూడి యేర్పడిన వస్తువు, ఆ అవయవములకంటె వేరైన సత్యవస్తువనియు, ఒక్క అవయవము తొలగినను పాత అవయవి నశించి కొత్తది పుట్టుననియు వాదించిరి. వైశేషికుని మాట పట్టినచో లోకమున అంగడిలో నిలువదగిన పాతవస్తువే యుండదు. నాగసేనుని మాటను తేలికగా అన్వయించుకొన్నచో నకలునకును అసలునకును భేదమే యుండదు. నా దృష్టిలో మరమ్మతు దోషము కాదు, దాచిన మరమ్మతే దోషము. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వన కావ్యమును 1910లో ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మ, అంతకుముందు అచ్చయిన ప్రతిలోని లోపములను గమనించి, వ్రాతప్రతిని సంపాదించి సరిచూచి, ఆ సంగతిని పీఠికలో తెలిపిరి. పరిష్కర్తకు ధర్మమైనది మరమ్మతు చేయువానికిని ధర్మమే: ఏది తాళపత్రమునది, ఏది తన పూరణము అని చదువరికి తెలియజేయవలెను. బూర కొత్తదని చెప్పి అమ్మువాడు సత్యవాది; కొనువాడు దానికి తగినంతయే యిచ్చును.

వెల విషయమున నేను చెప్పదగినది కొంచెమే. 1898లో వచ్చిన స్టాండర్డు నమూనా ఎడిసన్ యంత్రములలో విరివిగా దొరకునది. 1911లో వెలువడి, ధ్వనిపేటిక కదలక గొట్టమే కదలునట్లు చేయబడిన ఒపేరా మిక్కిలి అరుదు. పాత పూత చెక్కుచెదరని యంత్రమునకు, రుద్ది మెరుగుపెట్టినదానికంటె విలువ ఎక్కువ. విదేశపు వేలముపాటల ధరలు మనకు కొలబద్దలు కావు, ఏలయన 1972 నాటి మన చట్టము నూరేండ్లు నిండిన శాస్త్ర, కళావస్తువులను ప్రైవేటు వ్యక్తి ఎగుమతి చేయుటను నిషేధించినది. యంత్రముతో మైనపు సిలిండర్లు వచ్చినచో వానిని వెంటనే మ్రోగింపరాదు. తేమ తగిలి బూజు తిన్న మైనముపై సూది నడచిన ప్రతిసారియు, మిగిలిన కంఠస్వరము కొంత గీకబడిపోవును.

ఇంతవరకు అమ్మువాని ధర్మమునే విచారించితిమి. కొనువాడు ఎరిగి, అమ్మువాడు ఎరుగనిచో? మహాభారతము శాంతిపర్వమున జాజలి యను తపస్వికి ధర్మము బోధించినవాడు తులాధారుడను వర్తకుడు. అతని త్రాసు ఎల్లరకును సమానముగా నుండెను. పాత ఇనుము నడుమ నున్న యంత్రమును గుర్తించి, కిలో లెక్కన కొనిపోయి, తన విద్యకు ఫలము దక్కినదని సంతోషించువాని చేతిలో ఆ త్రాసు లేదు. విద్య వాని శ్రమార్జితమే. నకిలీని తప్పించుకొనుటకును, మంచిదానిని ఎంచుకొనుటకును అది వానికి అధికారమిచ్చును. కాని అమ్మువాడు “ఇదేమిటి స్వామీ?” యని యడిగినప్పుడు “పాత ఇనుమే” యని బదులిచ్చినవాడు, కొత్త ఇనుమునకు ఆమ్లముతో తుప్పు పట్టించి అమ్మినవాడు చేసిన పనినే చేసినాడు; ఇరువురును వినువాని నమ్మకమును, అనగా శబ్దప్రమాణమును, చెరచినవారే. అమ్మువాడు అడుగకున్నను, రేకుపై నున్న అక్షరములను వానికి చదివి వినిపించి, ఇది ఎడిసన్ ఫోనోగ్రాఫని చెప్పి, ఆ మీదట వాడడిగిన ధరకు బేరమాడుటయే నాకు సమ్మతమైన పద్ధతి. ధర పెరిగినచో పెరుగనిండు.