దానికీ సుఖం, మీకూ సుఖం

రాత్రి రెండు గంటలు దాటితే మా ఇంట్లో గోళ్ళ చప్పుడు మొదలవుతుంది. హాలు నుండి వంటగదికి, వంటగది నుండి హాలుకు టకటకమని. కొంతసేపటికి ఆ చప్పుడు ఆగుతుంది. లేచి చూస్తే మా జిమ్మి తలుపు వెనుక మూలలో, గోడకు ముఖం పెట్టి, వెనుకకు ఎలా రావాలో తెలియక నిలబడి ఉంటుంది. ఎత్తుకొంటే వణుకుతుంది. దింపితే మరల నడుస్తుంది. అది తెల్లని పొమేరియన్ కుక్క, వయస్సు 14 ఏళ్ళు. మారతహళ్ళిలో మేము కాపురం పెట్టిన ఏడే వచ్చింది గనుక ఈ ఊరిలో మా మంచిచెడ్డలన్నీ చూసినది అదొక్కటే.

ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత, మా కళ్ళ క్రింద నలుపు చూసి మన పెద్దలలో ఒకరు సంగతి అడిగారు. అంతా విని, "ఇంకా ఎందుకమ్మా ఈ అవస్థ? ఇంజక్షను ఇప్పించేయండి. దానికీ సుఖం, మీకూ సుఖం" అన్నారు. ఆయన మంచివారే, మా మీద జాలితోనే అన్నారు. కాని ఇంటికి వచ్చిన తరువాత ఆ మాట మమ్మల్ని వదలలేదు. దాని సుఖం, మా సుఖం ఒకటేనా? "పాపం, అది చాలా బాధపడుతున్నది" అని కనబడినవారందరితో చెప్పుకొంటున్నామే, ఆ బాధ ఎవరిది?

ముందు మా తప్పు చెప్పుకోవాలి. సోఫా ఎక్కడం మానింది, వయస్సు అనుకొన్నాము. మెట్ల దగ్గర ఆగిపోతున్నది, అదీ వయస్సే. వెనుక కాలు ఎత్తి మూడు కాళ్ళతో నడిస్తే నవ్వుకొన్నాము కూడా. ఒక రాత్రి మేము మోకాళ్ళ నొప్పులకు వేసుకొనే మాత్రను సగం విరిచి దాని నోట్లో వేయబోయి, ఎందుకో ఆగాము. మనుష్యులు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయని, మూత్రపిండాలను చెడగొడతాయని, చిన్న కుక్కకు సగం మాత్ర కూడా ప్రమాదమేనని తరువాత తెలిసింది.

చివరకు రింగు రోడ్డు మీదుగా హెబ్బాళలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. వెనుక కాలి మోకాలిచిప్ప పక్కకు జారుతున్నదని, చిన్న జాతి కుక్కలలో ఇది తరచుగా ఉండేదేనని, దానికి తోడు కీళ్ళు అరిగాయని డాక్టరుగారు చూపించారు. గుండె, మూత్రపిండాలు చెడినా రాత్రులు నిద్ర ఉండదు గనుక ఆ పరీక్షలు కూడా చేయించారు. ఇక మిగిలినది మెదడు సంగతి. ముసలితనంలో కొందరు మనుష్యులకు రాత్రీ పగలూ తారుమారైనట్లే కుక్కలకూ అవుతుందట. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పశువైద్యులు 2001లో ప్రచురించిన పరిశీలనలో, 11, 12 ఏళ్ళ కుక్కలలో 28 శాతానికి, 15, 16 ఏళ్ళ వాటిలో 68 శాతానికి ఇటువంటి గుర్తులలో ఒకటైనా కనబడింది. మనుష్యులకు పార్కిన్సన్ వ్యాధిలో ఇచ్చే సెలెజిలిన్ అనే మందును ఆ దేశంలో 1998లో కుక్కల మతిమరుపుకు కూడా అనుమతించారు. అది నయం చేసేది కాదు, కొన్నింటికి కొంత మేలు.

అన్నీ అయిన తరువాత ఆయన ఒక ప్రశ్న అడిగారు. "మీ ఇంట్లో నేల ఏమిటి?"

టైల్సు. ముఖం కనబడేంత నున్నని టైల్సు, అప్పు చేసి మరీ వేయించినవి. జారుతుందనే భయంతో నొప్పి కాలిని బిగబట్టి నడిచి, పగలంతా అలసి, రాత్రి ఆ నొప్పితో పడుకోలేక అది తిరుగుతున్నది. దాని బాధలో సగం మేము పరిపించినదే.

తరువాత మేము చేసినది పెద్ద వైద్యమేమీ కాదు. అది తిరిగే దారి పొడవునా రబ్బరు చాపలు పరిచాము. గోళ్ళు, పాదాల మధ్య వెంట్రుకలు కత్తిరిస్తున్నాము. మెట్ల దగ్గర పొట్ట క్రింద తువ్వాలు వేసి పట్టుకొంటే దాని బరువు సగం మన చేతిలో ఉంటుంది. సాయంత్రం చిన్న నడక, పడుకొనే ముందు ఒకసారి బయటకు, నీళ్ళ గిన్నె దగ్గర రాత్రంతా చిన్న బల్బు, మూలలకు అడ్డంగా దిండ్లు. నొప్పికి డాక్టరు ఇచ్చిన మందు. నెల తిరిగేసరికి వారంలో నాలుగు రాత్రులు నిద్రపోతున్నది. మిగిలిన మూడు రాత్రులు నడుస్తూనే ఉన్నది. అబద్ధమెందుకు?

"మనుష్యులకే దిక్కు లేదు, కుక్కకింత ఖర్చా?" అని కొందరు అడిగారు. అత్తరు పోసిన స్త్రీని చూసి, ఆ సొమ్ము బీదలకు ఇవ్వవచ్చు గదా అన్నవాడు గుర్తుకొచ్చాడు గాని, ఆ సమాధానం చాటున దాక్కోవడం మాకు నచ్చలేదు. ఆ ప్రశ్నలో మాకు తగిలేది ఒకటున్నది. కావలి దగ్గర మా ఊరిలో మా అమ్మ కూడా చివరి ఏడాది రాత్రులు లేచి తిరిగేది. తెల్లవారిందా అని అడిగేది. ఫోను వచ్చినప్పుడు మేము "వయస్సు గదా" అన్నాము, నెలనెలా డబ్బు పంపాము. ఆమె గదిలో రాత్రంతా ఒక బల్బు వెలిగించమని చెప్పాలని మాకు తోచలేదు. కుక్కకు చేసినది అమ్మ లెక్కలో జమ కాదు. అలాగని కుక్కకు మానుకొంటే అమ్మకు చేరేదీ లేదు. ఆలస్యంగా నేర్చుకొన్నది ఎదుట ఉన్న ప్రాణానికి చేయాలి గాని, ఆలస్యమైందని దానికీ ఎగవేయడం న్యాయం కాదనిపించింది.

కుక్కను ఇంట్లో పెట్టి చూడడం దొరల అలవాటనే మాట కూడా విన్నాము. నాతాను దావీదుతో చెప్పిన కథలో గొఱ్ఱెపిల్లను ఒడిలో పడుకోబెట్టుకొన్నవాడు దరిద్రుడు, ధనవంతుడు కాడు. అయితే ఒకటి నిజం. మన పల్లెలలో కుక్క వాకిట్లో ఉండేది, ఏదో ఒక రోజు కనబడకుండా పోయేది. దాని ముసలితనాన్ని చూసినవారు తక్కువ. అందుకే ముసలి కుక్కను ఎలా చూడాలో మనకు పెద్దలు చెప్పిన పద్ధతి లేదు. కొందరు బండిలో ఎక్కించి దూరంగా వదిలి వస్తున్నారు. ఆకలిదప్పులకు అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఆ ఇంజక్షనే దీనికంటే వెయ్యి రెట్లు దయ.

ఇంజక్షను ఎన్నడూ తగదని మేము అనడం లేదు. మందుకు లొంగని నొప్పి, తిండి ముట్టకపోవడం, తన మూత్రంలోనుండి తాను లేవలేకపోవడం, ఊపిరికి పెనుగులాట వచ్చిన నాడు డాక్టరుగారిని మేమే అడుగుతాము. ఆ పూట దాని ప్రక్కనే కూర్చొంటాము. అయితే రాత్రి రెండు గంటలకు ఏ నిర్ణయమూ చేయకూడదని మాలో మేము ఒప్పందం చేసికొన్నాము. ఆ వేళ మాట్లాడేది దాని నొప్పి కాదు, మా నిద్ర. నిద్రకైతే వంతులు వేసికోవచ్చు. ఒంటిగంట వరకు ఒకరు, ఆ తరువాత ఒకరు.

వంటగదిలో క్యాలెండరు మీద అది తిని, తోక ఊపిన రోజుకు ఒక టిక్కు పెడుతున్నాము, లేని రోజుకు సున్నా. పోయిన నెల సున్నాలు ఆరు. ఈ నెల ఇప్పటికి నాలుగు, ఇంకా పన్నెండు రోజులున్నాయి.