కుట్టుమిషన్ ఇస్తే బాధ్యత తీరిందా?



రమజాన్ నెల వచ్చిందంటే మన ఊళ్ళలో దానధర్మాల సందడి మొదలవుతుంది. బియ్యం, పప్పు, నూనె, ఖర్జూరాలతో రేషన్ కిట్లు పంచుతాం. కొన్నిచోట్ల సభ ఏర్పాటు చేసి వితంతువులకు, భర్త వదిలేసిన స్త్రీలకు కుట్టుమిషన్లు కూడా అందజేస్తాం. ఇవన్నీ మంచి పనులే. అల్లాహ్ వీటిని స్వీకరించుగాక!

అయితే సభ జరిగిన ఆరు నెలల తర్వాత ఆ ఇళ్ళకు ఒకసారి వెళ్ళి చూడాలి. ఒక ఇంట్లో మిషన్ చక్కగా నడుస్తూ ఉంటుంది. మరో ఇంట్లో దుప్పటి కప్పుకొని మూలన పడి ఉంటుంది. ఇంకో ఇంట్లో అసలు మిషనే ఉండదు. బిడ్డ జ్వరానికో, ఇంటి అద్దెకో దాన్ని అమ్మేసి ఉంటారు. ఆ తల్లి సోమరిపోతు కనుక ఇలా జరిగిందని తొందరపడి తీర్పు చెప్పకండి. ఆమె చేతికి మిషన్ అందింది గాని పని అందలేదు. ఒకే గల్లీలో ముప్పై మంది స్త్రీలకు కుట్టుపని నేర్పితే ఆ గల్లీలో కుట్టించుకునేవారు ఎంతమంది ఉంటారు?

కాబట్టి పేద స్త్రీ విషయంలో మన బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ధర్మం వెలుగులో తెలుసుకోవడం అవసరం.

దైవప్రవక్త (స) చూపిన పద్ధతి

హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూదావూద్ హదీసు సంకలనంలో ఉంది. అన్సారులకు చెందిన ఒక పేదవాడు దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి సహాయం అర్థించాడు. నీ ఇంట్లో ఏమైనా ఉందా అని ఆయన అడిగారు. సగం కప్పుకొని సగం పరచుకునే ఒక ముతక గుడ్డ, నీళ్ళు తాగే ఒక పాత్ర ఉన్నాయని అతను చెప్పాడు. దైవప్రవక్త (స) వాటిని తెప్పించి తన చేతిలోకి తీసుకొని, ఎవరు కొంటారని సహచరులను అడిగారు. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తానన్నారు. అంతకంటే ఎక్కువ ఎవరు ఇస్తారని ఆయన రెండు మూడుసార్లు అడిగారు. చివరికి రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటివారికి తిండి కొనిపెట్టమన్నారు. రెండో దిర్హముతో గొడ్డలి కొని తెమ్మన్నారు. తెచ్చిన గొడ్డలికి స్వయంగా తన చేతులతో కర్ర బిగించారు. కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజుల దాకా నాకు కనిపించకు అని చెప్పి పంపారు. గడువు ముగిశాక అతను తిరిగివచ్చాడు. అప్పటికి పది దిర్హములు సంపాదించి, కొంత సొమ్ముతో బట్టలు, కొంతతో ఆహార పదార్థాలు కొనుక్కున్నాడు. ప్రళయదినాన ముఖం మీద యాచన మచ్చతో రావడం కన్నా నీకు ఇది మేలని దైవప్రవక్త (స) అతనికి తెలియజేశారు.

ఈ సంఘటనను మనం యాచన కూడదని చెప్పడానికే ఎక్కువగా వాడుతుంటాం. కాని ఇందులో సహాయం చేసేవారికి ఉన్న పాఠాలు అంతకన్నా ఎక్కువ. ఒక్కొక్కటిగా గమనిద్దాం.

మొదటిది, దైవప్రవక్త (స) ముందుగా అతని దగ్గర ఏముందో అడిగారు. మనం మాత్రం ఏమీ అడగకుండానే అందరికీ కుట్టుమిషన్ నిర్ణయిస్తాం. ఒకామె వంటలో దిట్ట కావచ్చు. ఇంకొకామె పదో తరగతి చదివి ఉండవచ్చు. ఆసుపత్రిలో రోగుల సేవ, కంప్యూటర్ పని, చిన్నపిల్లల బడి, ఊరగాయలు, మసాలా పొడుల తయారీ వంటి పనుల్లో ఆమెకు ఏది తగునో, ఆ ఊళ్ళో దేనికి గిరాకీ ఉందో ముందు తెలుసుకోవాలి.

రెండోది, మొదటి దిర్హము ఇంటివారి తిండికి వెళ్ళింది. రోజంతా అగరుబత్తీలు చుట్టో, నాలుగిళ్ళలో పాచిపని చేసో సాయంత్రం పొయ్యి వెలిగించే తల్లిని, మూడు నెలలు శిక్షణకు రమ్మని పిలిస్తే ఆ మూడు నెలలూ పిల్లలు ఏం తింటారు? అందుకే ఎంతోమంది మొదటి వారం వచ్చి రెండో వారం మానేస్తారు. శిక్షణ ఇచ్చేవారు ఆ కాలానికి ఇంటి ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. పసిపిల్లలను చూసుకునే ఏర్పాటూ ఉండాలి.

మూడోది, గొడ్డలికి కర్ర. కర్ర లేని గొడ్డలి ఇనుప ముక్క మాత్రమే. ఆర్డర్లు లేని కుట్టుమిషన్ కూడా అంతే. ఆ కర్రను బిగించింది ఎవరో కాదు, స్వయంగా దైవప్రవక్త (స). సహాయం చేసేవారు తమ చేతులతో పూర్తిచేయాల్సిన పని ఇదే.

నాలుగోది, కట్టెలు ప్రతి ఇంటి పొయ్యికీ నిత్యం కావాలి. అంటే అతనికి చూపిన పని రోజూ అమ్ముడయ్యే పని.

అయిదోది, పదిహేను రోజుల గడువు. గడువు పెట్టడం అంటే మళ్ళీ అడిగి తెలుసుకుంటామని అర్థం. మనం పంపిణీ చేసిన మిషన్ల జాబితా ఉంటుంది గాని వాటిలో ఎన్ని నడుస్తున్నాయో తెలిపే జాబితా ఎన్ని కమిటీల దగ్గర ఉంది?

స్త్రీ సంపాదన గురించి ధర్మం ఏమంటోంది?

స్త్రీలు పని చేయడం ఇస్లాంకు విరుద్ధమని కొందరు సోదరులు అంటారు. మరికొందరు స్త్రీ సంపాదిస్తోంది కదా అని ఇంటి బాధ్యత అంతా ఆమె మీదే వదిలేస్తారు. ఈ రెండూ ధర్మానికి దూరమైన పోకడలే.

భార్యాబిడ్డల పోషణ భారం ఇస్లాం పురుషుడి మీద ఉంచింది. భార్య సంపాదించినంత మాత్రాన ఆ బాధ్యత నుంచి అతనికి విముక్తి లేదు. అదే సమయంలో పురుషులు సంపాదించిన దానిలో వారి వాటా వారికి, స్త్రీలు సంపాదించిన దానిలో వారి వాటా వారికి ఉంటుందని దివ్యఖుర్ఆన్ అన్నిసా సూరా 32వ ఆయతు తెలియజేస్తోంది. అంటే ఆమె కూలి ఆమెదే. ఆమె సంతోషంగా ఇస్తే తప్ప భర్తకు గాని, అన్నదమ్ములకు గాని దాని మీద అధికారం లేదు.

హజ్రత్ ఖదీజా (ర) వ్యాపారం చేసిన విషయం అందరికీ తెలిసిందే. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (ర) తోళ్ళు పదునుచేసి, కుట్టి, వచ్చిన సొమ్మును దైవమార్గంలో దానం చేసేవారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (ర) సతీమణి తన సొమ్మును భర్త కోసం, తన సంరక్షణలోని అనాథల కోసం ఖర్చు చేయవచ్చా అని అడిగినప్పుడు, ఆమెకు బంధుత్వపు పుణ్యం, దానపు పుణ్యం రెండూ లభిస్తాయని దైవప్రవక్త (స) శుభవార్త అందించారు. హజ్రత్ జాబిర్ (ర) పినతల్లి ఇద్దత్ కాలంలో తన ఖర్జూర తోటలో కాయలు కోసుకోవడానికి బయలుదేరితే ఒక వ్యక్తి మందలించాడు. ఆమె నేరుగా దైవప్రవక్త (స) వద్దకు వెళ్ళారు. ఆయన ఆమెకు అనుమతిచ్చారు. ఆ పంటతో దానమో, మరేదైనా మేలో చేస్తావేమో అని కూడా అన్నారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

ఇక భర్త, తండ్రి, కొడుకు ఎవరూ లేని స్త్రీ మాటేమిటి? ఉన్నా తాగుడుకో, జబ్బుకో లోనై ఇల్లు పట్టని మగవారి ఇంట్లో ఉన్న స్త్రీ మాటేమిటి? ఆమె బాధ్యత బంధువుల మీద, వారూ లేకపోతే సమాజం మీద పడుతుంది. వితంతువుల కోసం, నిరుపేదల కోసం పాటుపడేవారికి దైవమార్గంలో పోరాడేవారితో సమానమైన స్థానం ఉందని దైవప్రవక్త (స) తెలియజేసిన హదీసు బుఖారీలో ఉంది. ఇక్కడ కూడా గమనించండి. ఒకసారి ఇచ్చి వెళ్ళిపోయేవారి గురించి కాదు, పాటుపడేవారి గురించి చెప్పబడింది.

కూలి దగ్గరే అసలు పరీక్ష

పేద స్త్రీలు పని చేయడం లేదనుకోవడం పొరపాటు. వారు చేస్తూనే ఉన్నారు. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదిక ప్రకారం, దేశంలో పనిచేస్తున్న ముస్లిం స్త్రీలలో 70 శాతం మంది తమ ఇంట్లోనే పనిచేసేవారు. మొత్తం స్త్రీ శ్రామికులలో అది 51 శాతం. హైదరాబాద్ పాతబస్తీలో మగ్గం వర్క్, జర్దోజీ చేసేవారు, బొగ్గుల కుంపటి ముందు కూర్చొని లక్క గాజులు తయారుచేసేవారు, నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీలు తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా కష్టపడుతూనే ఉన్నారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. లాడ్‌బజార్‌లో మెరిసే ఆ గాజు వెనుక ఉన్న చేతికి దక్కేది ఎంత? సరుకు తెచ్చేది మధ్యవర్తి, ధర కట్టేది మధ్యవర్తి, లోపం ఉందని కూలి కోసేదీ మధ్యవర్తే. అడిగితే రేపటి నుంచి పని ఉండదు.

కూలివాని చెమట ఆరకముందే కూలి చెల్లించమని దైవప్రవక్త (స) ఆదేశించారు. పూర్తిగా పని చేయించుకొని కూలి ఇవ్వని వ్యక్తికి వ్యతిరేకంగా ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడని బుఖారీలోని హదీసు హెచ్చరిస్తోంది. ఈ మాట పెద్ద పెద్ద యజమానులకే అనుకోకండి. రమజాన్ చివరి పది రోజుల్లో పక్కింటి వితంతువుకు బట్టలిచ్చి, చాంద్ రాత్ లోగా కుట్టి ఇవ్వమని తొందరపెట్టి, డబ్బులు పండుగ తర్వాత చూద్దాం అనేవారు మనలో లేరా? పెద్ద దుకాణంలో రాసి ఉన్న ధర మారుమాట లేకుండా చెల్లించి, ఆమె దగ్గర ఇరవై రూపాయలకు బేరమాడేవారు లేరా? మనం కొత్త బట్టలు తొడుక్కొని ఈద్‌గాహ్‌కు వెళ్తున్నప్పుడు, అవి కుట్టిన చెయ్యి తన పిల్లలకు సేమియా కొనలేక ఉంటే ఆ పండుగ ఎవరిది? ఆమెకు ఫిత్రా ఇచ్చే ముందు ఆమె కూలి ఇవ్వాలి. ఫిత్రా మనం ఇచ్చే దానం. కూలి ఆమె హక్కు.

స్త్రీలు కలిసికట్టుగా నిలబడితే ఈ పరిస్థితి మారుతుందనడానికి ఉదాహరణలున్నాయి. అహ్మదాబాద్‌లోని దరియాపూర్‌లో మిల్లుల గుడ్డపేలికలతో బొంతల గలేబులు కుట్టే స్త్రీలలో ఎక్కువమంది ముస్లింలే. ఇలా భట్ 1972లో స్థాపించిన సేవా సంస్థ అండతో వారు కూలి పెంచమని అడిగారు. తర్వాత సహకార సంఘంగా ఏర్పడి, పేలికలు తామే కొని, కుట్టి, అమ్ముకోసాగారు. మన తెలంగాణలో 2024లో ప్రభుత్వ బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పనిని మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. ఇలాంటి పనిలో మన బస్తీల స్త్రీలు కూడా చేరాలంటే వారికి సంఘం ఉండాలి, బ్యాంకు ఖాతా ఉండాలి, కాగితాలు నింపి దారి చూపే మనిషి ఉండాలి.

వడ్డీ ఉచ్చులో పడనీయకండి

పనిముట్టు కోసమో, సరుకు కోసమో ఎవరూ అప్పు ఇవ్వకపోతే ఆమె వారం వారం వసూలు చేసే వడ్డీ సంస్థను ఆశ్రయిస్తుంది. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ వేధింపులు ఎంత దూరం వెళ్ళాయంటే, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. వడ్డీ హరామ్ అని ఉపన్యసించడం సులభం. ఆమెకు వడ్డీ లేని అప్పు అందించడమే ఆ ఉపన్యాసానికి సాక్ష్యం. రుణగ్రస్తులు ఇబ్బందుల్లో ఉంటే గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే మరీ మేలని అల్ బఖరా సూరాలో అల్లాహ్ సెలవిచ్చాడు.

మనం చేయగల పనులు

ప్రతి మస్జిద్ కమిటీ తన మొహల్లాలోని నిరాధార స్త్రీల జాబితా తయారుచేయాలి. అది గుట్టుగా ఉండాలి, వారి గౌరవానికి భంగం కలగకూడదు. పంపిణీ ఫోటోలు అవసరం లేదు.

జకాత్ సొమ్మును చిల్లర నోట్లుగా వందమందికి పంచే బదులు, ఏటా కొందరినైనా మళ్ళీ జకాత్ అవసరం లేని స్థితికి చేర్చే ప్రయత్నం చేయాలి. చేతిపని తెలిసిన పేదకు పనిముట్ల ఖరీదు ఇవ్వవచ్చని ఇమామ్ నవవీ (రహ్మలై) రాశారు. అయితే హనఫీ ధర్మవేత్తల ప్రకారం జకాత్ సొమ్ము పేదవారి యాజమాన్యంలోకి చేరాలి. కనుక మిషన్‌ను ఆమె పేరనే ఇవ్వండి. శిక్షణ కేంద్రం అద్దె, ఉపాధ్యాయుల జీతం వంటివి మామూలు సదఖా నుంచి భరించండి. సందేహాలుంటే మీ ఊరి ఆలిములను సంప్రదించండి.

ఊళ్ళో దుకాణాలు, పాఠశాలలు, ఆసుపత్రులు నడిపే మన సోదరులు తమకు కావలసిన యూనిఫాంలు, దుప్పట్లు, భోజనాల ఆర్డర్లు ఈ స్త్రీలకే ఇవ్వవచ్చు. ఉద్యోగంలో పెట్టుకుంటే నెల నెలా జీతం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. వంటి హక్కులు, నమాజుకు సమయం, గౌరవప్రదమైన వాతావరణం కల్పించాలి. మద్యన్ నగరంలో పశువులకు నీళ్ళు తోడటానికి వచ్చి, ఒక పక్కన ఆగి నిలబడ్డ ఇద్దరు ఆడపిల్లలకు హజ్రత్ మూసా (అలై) అడిగి మరీ సాయపడిన వృత్తాంతం అల్ ఖసస్ సూరాలో ఉంది. ఎందుకు బయటికి వచ్చారని ఆయన వారిని నిందించలేదు. వారి పని సులభం చేశారు.

సోదరులారా! ఇచ్చే చెయ్యి పుచ్చుకునే చెయ్యి కన్నా మేలైనదని మనం తరచు వింటుంటాం. ఆ మాట విని మన చెయ్యి పైన ఉన్నందుకు మురిసిపోతే సరిపోదు. ఈ ఏడు పుచ్చుకున్న ఒక సోదరి, వచ్చే రమజాన్‌లో తన కష్టార్జితం నుంచి ఫిత్రా తీసి మరొకరికి ఇవ్వగలిగితే మన దానం ఫలించినట్లు. ఈ ఏడాది మీ మస్జిద్ తరఫున ఒక్క మిషన్ ఇచ్చినా సరే, దానికి పని కూడా జతచేయండి. ఆరు నెలలు ఆగి వెళ్ళి చూడండి.

పేదరికం నుంచి, అప్పుల భారం నుంచి మన తల్లులను, సోదరీమణులను అల్లాహ్ కాపాడుగాక! వారి చెమటకు తగిన కూలిని సకాలంలో చెల్లించే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.