పూచీ ఎవరిది?

నవంబరు చివర వాసాచ్ కొండల మీద మంచు పైకి నిండుగా కనబడుతుంది గానీ, కింద రాళ్లు ఇంకా పూర్తిగా మునిగి ఉండవు. సాల్ట్ లేక్ సిటీలో స్కీయింగ్ అలవాటున్న వాళ్లందరికీ ఇది తెలుసు. తెలిసీ ఆగలేరు. అలాంటి రోజుల్లోనే నా ఎడమ స్కీకి దెబ్బ తగిలింది. అడుగున ఉండే నల్లటి పాలిథీన్ పొర చీలి లోపలి చెక్క బయటపడింది. ఇక్కడి వాళ్లు దీన్ని కోర్ షాట్ అంటారు. కుడిదానికి గీత కూడా పడలేదు. అయినా స్కీలు జతగానే అమ్ముతారు కాబట్టి, ఒకటి పోతే రెండూ పోయినట్టే.

స్కీ పైకి ఒకే పలకలా ఉంటుంది గానీ నిజానికి అది పొరల పేర్పు. మధ్యలో పాప్లర్, బీచ్ లాంటి చెక్క. దానికి పైనా కిందా ఫైబర్‌గ్లాస్, కొన్నిట్లో అల్యూమినియం మిశ్రమలోహపు రేకు. అడుగున పాలిథీన్, దాని అంచుల వెంట ఉక్కు. వీటన్నిటినీ పట్టి ఉంచేది ఎపాక్సీ జిగురు. అడుగు చీలితే ఆరబెట్టి, కరిగించిన పాలిథీన్ నింపి, గీకి చదును చేస్తారు. గాయం పెద్దదైతే ఆ మేర కోసి కొత్త ముక్క అతికిస్తారు. అలాగే వదిలేస్తే నీరు చెక్కలోకి దిగి, గడ్డకట్టినప్పుడల్లా పొరల్ని విడదీస్తుంది. పాదం కింద ఉక్కు అంచు ఊడివస్తే పని కష్టం, ఎందుకంటే మలుపు తిరిగేటప్పుడు బరువు ఎక్కువగా పడేది అక్కడే. లోహపు రేకున్న స్కీ వంగిపోతే ఇక ఆశ వదులుకోవాలి. నా గాయం మాత్రం మానేదే.

వెంటనే షాపుకు తీసుకెళ్లడానికి ఇంకో కారణం ఉంది. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మా అన్నయ్య కొడుకు అడిగాడు: “బాబాయ్, ఈ సీజన్‌కి మీ స్కీలు నేను వాడుకోనా? మీరెలాగూ కొత్తవి చూస్తున్నారుగా.” ఇద్దరం ఇంచుమించు ఒకే ఎత్తు. అడుగు బాగు చేయించి, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగులు అతని బూట్లకు సరిచేయిస్తే చాలనుకున్నాను.

షాపులో టెక్నీషియన్ చీలిన అడుగును వేలితో తడిమి, “ఇది పెద్ద పనేం కాదు,” అన్నాడు. తర్వాత బైండింగుల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. వాటిని ముట్టుకోనన్నాడు. పాడయ్యాయా అని అడిగాను. “పాడయ్యాయని నేననను. బాగున్నాయని చెప్పడానికి నాకు వీల్లేదు,” అన్నాడు.

సంగతేమిటంటే, బైండింగుల కంపెనీలు ఏటా ఒక జాబితా ఇస్తాయి. అందులో ఉన్న మోడళ్లను షాపు పద్ధతి ప్రకారం సరిచేశాక ఎవరికైనా దెబ్బ తగిలి కేసు పడితే, కంపెనీ షాపుకు అండగా నిలుస్తుంది. మోడల్ పాతబడ్డాక ఏదో ఒక ఏడు జాబితాలోంచి జారిపోతుంది. ఆ తర్వాత షాపువాళ్లు దాని మీద స్క్రూడ్రైవర్ పెట్టరు.

విచిత్రమే. చీలిపోయింది బతికింది, చెక్కుచెదరనిది చచ్చింది. వస్తువు ఆయువు దాని గట్టిదనంలో ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. దాని తరఫున పూచీ పడేవాళ్లు ఉన్నంతకాలమే అది వస్తువు, తర్వాత సామాను. విజయవాడలో మా చిన్నప్పుడు ఫ్యాను కాలిపోతే, వైండింగ్ చేసే అతను కొత్త రాగితీగ చుట్టి, “పట్టుకెళ్లండి, పూచీ నాది” అనేవాడు. ఆ మాటకు కాగితం లేదు. తేడా వస్తే మర్నాడు అతను అదే కొట్లో దొరుకుతాడన్న ధైర్యమే కాగితం. ఇక్కడి టెక్నీషియనూ రేపు ఇదే కొట్లో ఉంటాడు. పనితనంలోనూ తక్కువవాడు కాడు. కానీ పూచీ అతని చేతిలో లేదు, జాబితాలో ఉంది.

ముందు కోపం వచ్చింది, కాసేపటికి తగ్గింది. ఆగిపోయిన ఫ్యాను వల్ల ఒక రాత్రి చెమటలు పడతాయి, అంతే. బైండింగ్ సంగతి వేరు. బూటును గట్టిగా పట్టుకోవడం దాని పనిలో సగమే. పడినప్పుడు, కాలు మెలి తిరిగి ఎముక విరగకముందే వదిలేయడం మిగతా సగం. 1937లో ఒరెగాన్‌లో స్కీ చేస్తూ కాలు విరగ్గొట్టుకున్న యాల్మర్ వామ్‌కు ఆసుపత్రిలోనే ఈ ఆలోచన వచ్చింది. అలా వదిలే బైండింగును తయారుచేసి అమ్మాడు. పట్టుకుంటుందో లేదో రోజూ తెలుస్తూనే ఉంటుంది. సమయానికి వదులుతుందో లేదో పడినరోజే తెలుస్తుంది. స్ప్రింగు అలసిందా, ప్లాస్టిక్ పెళుసెక్కిందా అన్నది కంటికి ఆనదు. కంటికి ఆననిదానికే పూచీ కావాలి.

పూచీ పడే కంపెనీలే లేని రోజులూ ఉండేవి. నార్వేలో డిగెర్‌వార్డెన్ కొండ మీద మంచు కరుగుతుంటే 2014లో ఒక స్కీ దొరికింది. 2021లో, దానికి అయిదు మీటర్ల దూరంలో, రెండోది బయటపడింది. వయసు సుమారు 1300 ఏళ్లు. రెండూ ఒకేలా లేవు. అరుగుదలా, మరమ్మతు గుర్తులూ ఉన్నాయి. దేని చరిత్ర దానిదైన రెండు స్కీలను ఆ మనిషి జత చేసుకుని కొండెక్కాడన్నమాట. జాబితా లేదు, కంపెనీ లేదు. చెక్కినవాడో బాగుచేసినవాడో అతనే అయి ఉంటే, పూచీ కూడా అతనిదే. తప్పు జరిగితే విరిగేదీ అతని కాలే. అంత నిక్కచ్చి లెక్క ఇప్పుడు మనకు అరుదు.

ఆ సాయంత్రం ఇంట్లో స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాను. బైండింగ్ బిగువు మార్చడం చేతకాని పనేం కాదు. నా కాలి కోసమైతే రెండో ఆలోచన లేకుండా తిప్పేసేవాణ్ణి, నిన్నటిదాకా వాటి మీదే దిగాను మరి. కానీ అబ్బాయి కాలు విరిగితే అన్నయ్య ఫోన్ చేసేది కంపెనీకి కాదు. “బానే ఉన్నాయనుకున్నాను అన్నయ్యా” అన్న జవాబు నా చెవికే నిలబడలేదు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాను.

చివరకు అడుగు బాగు చేయించి, బైండింగులు కొత్తవి వేయించాను. పాత రంధ్రాలు పూడ్చి, కాస్త ఎడంగా కొత్తవి తొలిచారు. ఇలా ఎన్నిసార్లయినా తొలిచే వీలుండదు. అంతా కలిపి చూస్తే, ఈ ఖర్చుకూ సీజన్ చివర తగ్గింపులో వచ్చే కొత్త జత ధరకూ పెద్ద తేడా లేదు. లెక్క చూసుకునేవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. చెక్కకూ అడుగుకూ నేను పూచీ పడగలను, వాటి ప్రతి గీతా నాకు తెలుసు. తెలియనిదాన్ని మాత్రం, పూచీ పడేవాళ్లున్న చోటినుంచి తెచ్చుకున్నాను.

కొన్ని సీజన్లకు ఈ స్కీల వంపు కూడా అలసిపోతుంది. రెంటి అడుగులూ ఎదురెదురుగా ఆనిస్తే నడుమ కనబడే సందు మూసుకుపోతుంది. దానికి మరమ్మతు లేదు. అప్పుడు వాటిని రాక్ స్కీలుగా, పోయినా బాధలేని జతగా, నవంబరు రాళ్ల కోసం ఉంచుకుంటాను. వాటిని మాత్రం అబ్బాయి అడిగినా ఇవ్వను.