కంటికి చాలిన వెలుగు

ధ్యానభాగము: మత్తయి 6:19–24



మన సంఘ యౌవనస్థుడొకడు బొర్రా గుహలు చూడవచ్చు యాత్రికులకును, చుట్టుపట్ల జరుగు పెండ్లిండ్లకును ఫోటోలు తీసి జీవనము చేయుచున్నాడు. ఒకనాటి సాయంకాలము అతడు నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, నా కెమెరాకు మంచి జూమ్ లెన్సు కొనవలెనని యున్నది. వెల లక్ష దాటును. కాఫీ పంట సొమ్ము కొంత ఇంట నున్నది, మిగిలినది వాయిదాలమీద కట్టుకొందును. ఇది అవసరమా, దురాశయా?” అని అడిగెను. ఆ సొమ్ము అతని తల్లి ఇంటికప్పు మరమ్మతునకై దాచినదని ఆ మీదట తెలిసినది.

నాకు లెన్సుల సంగతి తెలియదు గనుక, మరునాడు అతనితో గుహలోనికి వెళ్లితిని. అతడు ఓపికతో వివరించెను. ఉన్న లెన్సును పూర్తిగా ముందుకు సాచినయెడల దాని ద్వారము ఎఫ్ 5.6 వరకే తెరచుకొనునట. కోరిన లెన్సు ఎంత సాచినను ఎఫ్ 2.8 గా నిలుచును. అనగా నాలుగింతలు వెలుగు లోనికి వచ్చును. పాతదానితో సెకనులో 15వ వంతు కాలము పట్టు ఫోటో క్రొత్తదానితో 60వ వంతులో ముగియును. “రాయి కదలదు గనుక కెమెరాను ఆనించి నిలిపి ఎంతసేపైనను తీయవచ్చును. రాత్రి పెండ్లిలో పెండ్లికుమార్తె ముఖము అట్లు నిలువదు గదా!” అనెను. ఇది న్యాయమైన మాటయే. బెసలేలునకు దేవుడు నేర్పును అనుగ్రహించినప్పుడు మోటుపనికై అనుగ్రహింపలేదు. బేతనియలో మిక్కిలి విలువగల అత్తరును చూచి, ఇది నష్టమని సణిగినవారిని ప్రభువు మెచ్చుకొనలేదు. కాబట్టి వెల అధికమైనంత మాత్రమున పాపమనుటకు నాకు నోరు రాలేదు.

అయితే మత్తయి ఆరవ అధ్యాయములో ఒక వింత గలదు. దేహమునకు కన్ను దీపమను బోధ ఎక్కడ నున్నది? దానికి ముందు, భూమిమీద ధనము కూర్చుకొనవద్దను మాట. దాని వెనుక, ఇద్దరు యజమానులకు దాసుడుగా నుండలేడను మాట. ధనమునకును ధనమునకును నడుమ ప్రభువు కన్నును నిలిపెను! యూదుల వాడుకలో చెడ్డ కన్ననగా లోభము, అసూయ. సామెతల గ్రంథములోను ఆ వాడుక కలదు. లెన్సు చాలినంత తెరచుకొనకపోతే ఫోటో చీకటియగును. కన్ను చెడినయెడల మనిషియే చీకటియగును.

“ఈ కోరిక ఎప్పుడు పుట్టినది, బాబూ?” అని అడిగితిని. స్నేహితుని చేతిలో చూచినప్పుడనియు, అటుపిమ్మట ప్రతి రాత్రి ఫోనులో దానినే చూచుచుంటిననియు తల వంచుకొని చెప్పెను. మా తలలపైన సున్నపురాతి గుండా దిగిన నీరు బొట్టు బొట్టుగా కారుచుండెను. ఒక్కొక్క బొట్టు విడిచిన సున్నమే కాలక్రమమున పైనుండి దిగి, క్రిందనుండి లేచి, స్తంభమై నిలిచినది. నేను అతనికి ఉపదేశము చేయలేదు. చేయుటకు నాకు ముఖము ఏది? వాయిదాలమీద నేను కొనిన వ్యాఖ్యాన గ్రంథములు కొన్ని నేటికిని పుటలు విప్పబడక నా బీరువాలో నున్నవి.

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి తగులుబడి లెక్క చూచుకొనునని లూకా 14వ అధ్యాయములో ప్రభువు చెప్పిన దృష్టాంతము మాత్రము జ్ఞాపకము చేసితిని. బయటికి వచ్చి ఇద్దరము కూర్చుండితిమి. ఏ ఫోటో ఎంత జూముతో, ఎంత తెరచిన ద్వారముతో తీయబడినదో కెమెరాయే వ్రాసియుంచునట. ఏడాది ఫోటోలు వెదకిచూడగా, కూలి తెచ్చినవాటిలో అధికభాగము పట్టపగలు తీసినవే. వెలుగు చాలక చెడినవి మూడు రాత్రి పెండ్లిండ్లవి. ఆ మూడింటికిని అతడు సొమ్ము వదలుకొనెను. అది చిన్న నష్టము కాదు. అయినను ఆ మూడు రాత్రులకు ఆ లెన్సును విశాఖపట్టణమున అద్దెకు తెచ్చియుండిన అయ్యెడి వ్యయము, ఒక్క నెల వాయిదాకంటె తక్కువ.

“మీ అమ్మగారిని అడిగితివా?” అంటిని. అడుగలేదనెను. అడిగినయెడల ఆమె కాదనదనియు, అందుచేతనే అడుగుటకు భయమనియు చెప్పెను. ఈ మాట విని నేను చాలసేపు మాటలాడలేకపోతిని.

వానలకు ముందే ఆ ఇంటికి క్రొత్త రేకులు వచ్చినవి. మొన్న జరిగిన రాత్రి పెండ్లికి అతడు అద్దె లెన్సుతో వెళ్లెను; ఫోటోలు తెచ్చి చూపెను, నిజముగా బాగున్నవి. వచ్చు కాఫీ కోతల తరువాత మరల లెక్క చూతమనుచున్నాడు, ఈసారి తల్లిని కూర్చుండబెట్టుకొని. ఆ లెన్సు బొమ్మ అతని ఫోనులో ఇంకను ఉన్నది. తీసివేయుమని నేను చెప్పలేదు.