శుద్ధుడెవడు? అశుద్ధుడెవడు?

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 23:12-14, మార్కు 7:1-23, హెబ్రీయులకు 13:11-14

మన దేశమునకు వచ్చిన బాటసారులు మన శుభ్రతను గూర్చి వ్రాసిన మాటలు చదువునప్పుడు మన హృదయములో రెండు విధములైన చలనములు కలుగును. పొగడిన యెడల సంతోషింతుము. నిందించిన యెడల కోపింతుము. అయితే ఈ సంతోషము గాని ఈ కోపము గాని సత్యమును వెదకునది కాదు. రెండును మనలను మనము ప్రేమించుకొనుటలోనుండియే పుట్టుచున్నవి. క్రైస్తవుడు అడుగవలసిన ప్రశ్న వేరొకటి గలదు. పరదేశి నన్ను శుద్ధుడనెనా, అశుద్ధుడనెనా అనునది కాదు. దేవుని యెదుట శుద్ధుడెవడు? మురికిని చేయువాడా, దానిని తీయువాడా?

బాటసారుల సాక్ష్యము

క్రీస్తు శకము 7వ శతాబ్దమున చైనా దేశమునుండి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ అను బౌద్ధ యాత్రికుడు మన దేశమంతట సంచరించి, వేంగి ప్రాంతమును, ధాన్యకటకమును సయితము దర్శించెను. ఈ దేశస్థులు ఒకరి బలవంతముచేత గాక తమంతట తామే శుభ్రతను పాటింతురనియు, భోజనమునకు ముందు కడుగుకొందురనియు, మిగిలినదానిని మరల వడ్డింపరనియు, మట్టి పాత్రలను కొయ్య పాత్రలను ఒకసారి వాడి పారవేయుదురనియు, లోహపు పాత్రలను తోమి మెరయజేయుదురనియు, భోజనానంతరము పండ్లపుల్ల నమలుదురనియు అతడు వ్రాసెను. అదే శతాబ్దపు చివరి భాగమున వచ్చిన ఇత్సింగ్, నాలందాలోని భిక్షువులు నీటి పాత్రలను ఎంత జాగ్రత్తగా వేరుపరచి వాడుచుండిరో వివరించెను. ఇవి చదువుటకు మనకెంతో ఇంపుగా ఉండును.

కాని ఆ హ్యూయన్‌త్సాంగే మరియొక మాట వ్రాసెను. కసాయివారు, జాలరులు, తలారులు, మలమును ఎత్తువారు ఊరి వెలుపల నివసించిరి. వారి ఇండ్లకు గురుతులుండెను. వారు త్రోవలో ఎడమ ప్రక్కకు ఒదిగి నడువవలసియుండెను. అతనికి 200 సంవత్సరములు ముందుగా వచ్చిన ఫాహియాన్, చండాలురు పట్టణములో గాని అంగడిలో గాని ప్రవేశించునప్పుడు ఒక కొయ్యను తట్టి శబ్దము చేయుచుండిరనియు, ఆ శబ్దము విని జనులు వారిని తగులకుండ తొలగిపోవుచుండిరనియు తెలిపెను. మన శుభ్రతను మెచ్చుకొనిన పుటలకు ప్రక్కనే ఈ పుటలున్నవి. మొదటివానిని చదివి రెండవవానిని విడిచిపెట్టుట మనకు అలవాటైనది.

ఆధునిక కాలమున వచ్చినవారు ఇంటి లోపలి శుభ్రతకంటె వీధిలోని మురికినే ఎక్కువగా చూచిరి. 1927లో అమెరికా దేశస్థురాలైన కేథరిన్ మేయో ‘మదర్ ఇండియా’ అను గ్రంథమును ప్రచురించెను. మనకు స్వపరిపాలన తగదని చూపుటకే అది వ్రాయబడెనని దేశమంతయు మండిపడెను. మహాత్మా గాంధీ ఆ రచయిత్రిని మురుగుకాల్వలు తనిఖీ చేయు అధికారితో పోల్చి విమర్శించెను. అయినను భారతీయులు ఆ గ్రంథమును చదివి తమ లోపములను దిద్దుకొనవలెనని కూడ ఆయనే చెప్పెను. ట్రినిడాడ్‌లో జన్మించిన భారత సంతతివాడైన వి. ఎస్. నైపాల్ 1964లో ప్రచురించిన ‘ఏన్ ఏరియా ఆఫ్ డార్క్‌నెస్’ అను గ్రంథమున బహిరంగ మలవిసర్జనను గూర్చి కఠినముగా వ్రాసెను. చుట్టునున్నవారు దానిని చూచియు చూడనట్టుండుటయే అతనికి మరింత వింతగా తోచెను. గాంధీ ఈ దేశమును పరదేశి కన్నులతో చూడగలిగెననియు, దక్షిణాఫ్రికాలో దాదాపు 20 సంవత్సరములు గడపుటయే అందుకు కారణమనియు అతడు గుర్తించెను.

ఈ మాటకు దృష్టాంతము గాంధీ ఆత్మకథలోనే ఉన్నది. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు ఆయన వెళ్లినప్పుడు మరుగుదొడ్లు దుర్గంధముతో నిండియుండెను. స్వచ్ఛంద సేవకులను అడుగగా అది తమ పని కాదనియు, పాకీవాని పని అనియు వారు చెప్పిరి. అంతట ఆయన చీపురు అడిగి తెచ్చుకొని తాను వాడుకొను దొడ్డిని తానే శుభ్రపరచుకొనెను. దేశమును గూర్చి ప్రసంగించుటకు వచ్చినవారు అనేకులు. చీపురు అడిగినవాడు ఒక్కడు.

“మురికి మన దేశములోనే ఉన్నదా?” అని ఎవరైన అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. 1858 వేసవిలో లండను నగరమున థేమ్సు నది దుర్గంధము పార్లమెంటు సభ్యులను సయితము కూర్చుండనియ్యలేదు. ఆ నగరము అప్పటికే పలుమార్లు కలరా వాతబడియుండెను. పిదప వారు భూగర్భమున గొప్ప మురుగుకాల్వలు నిర్మించుకొనిరి. కాబట్టి మురికి ఏ జాతికిని స్వభావము కాదు, శుభ్రత ఏ జాతికిని వరము కాదు. అది ధనముచేతను, నీటిచేతను, కాల్వలచేతను, చట్టముచేతను, మనస్సుచేతను కలుగునది. మనలో కొరతపడినది ఈ చివరిదియేమో పరీక్షించుకొనవలెను.

మడి వేరు, శుభ్రత వేరు

మన భాషలో మడి, మైల, అంటు, ఎంగిలి అను మాటలు ఎంత లోతుగా పాతుకొని ఉన్నవో ఆలోచించుడి. ఇవి మురికికి సంబంధించిన మాటలుగా కనబడును గాని నిజముగా మనుష్యులకు సంబంధించినవి. మడి కట్టుకొనినవాడు తన వాకిటి చెత్తను ప్రక్కవాని గోడ వద్దకు ఊడ్చినను అతని మడి చెడదు. స్నానము చేసి ఉతికిన బట్ట కట్టుకొనిన పాకీ స్త్రీ ఎదురుపడిన యెడల మాత్రము మైలపడును! ‘పాకీ’ అను మాట శుద్ధి అను అర్థముగల పారసీక పదమునుండి వచ్చినది. శుద్ధియనియే పేరు పెట్టి, ఆ పేరు గలవానినే అశుద్ధుడని దూరముగా నిలువబెట్టితిమి.

మేయో గ్రంథము వెలువడిన 1927వ సంవత్సరముననే, మార్చి 20వ తేదీన, మహారాష్ట్రలోని మహాడ్ పట్టణమున డాక్టరు అంబేద్కర్ వేలమంది దళితులతో చవుదార్ చెరువు నీరు త్రాగెను. పశువులు త్రాగినప్పుడు మైలపడని ఆ చెరువు మనుష్యులు త్రాగినప్పుడు మైలపడెనని, కొందరు గోమయ గోమూత్రములతో దానిని ‘శుద్ధి’ చేసిరి. ఆ నీటిలో ఏది చేరినదో పరదేశి వైద్యుడెవడైన పరీక్షించియుండిన యెడల మురికి ఎవరివలన వచ్చెనో ఒక్క నిమిషములో చెప్పియుండును. మన జాషువ మహాకవి తన ‘గబ్బిలము’ కావ్యమున ఈ అన్యాయమునే ఎత్తిచూపెను. గుడిలోనికి గబ్బిలము పోవచ్చును, మనుష్యుడు పోరాదు. కనుక ఆ అభాగ్యుడు తన మొరను గబ్బిలముతో పంపవలసివచ్చెను.

కొందరు, “ఇది ఆరోగ్యమునకై చేయు జాగ్రత్త, మురికిని ముట్టువానిని దూరముంచుట తప్పా?” అందురు. ఆలోచించుడి. తల్లి బిడ్డ మలమును ఎత్తును. ఆమె చేతి ముద్దనే మనము కోరుదుము. నర్సు రోగి పుండ్లను కడుగును. ఆమెను అమ్మా అని పిలుతుము. వైద్యుడు చీమును కోసి తీయును, అతనికి నమస్కరింతుము. వీరందరును చేతులు కడుగుకొనగా శుద్ధులైరి. ఒక్క పాకీవానికి మాత్రము ఎంత నీరును చాలకపోయెను. కాబట్టి మనము దూరముంచినది మురికిని కాదు, పుట్టుకను.

వాక్యము ఏమి చెప్పుచున్నది?

శుభ్రత దైవభక్తికి ప్రక్కనున్నదను సామెత బైబిలులో ఉన్నదని అనేకులు తలంతురు. అది బైబిలు వాక్యము కాదు. జాన్ వెస్లీ వస్త్రధారణను గూర్చిన తన ప్రసంగమున వాడినందున అది మన సంఘములలో ప్రసిద్ధమైనది. అయితే బైబిలులో అంతకంటె గొప్ప సంగతి ఉన్నది. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయమున, ఇశ్రాయేలీయులలో ప్రతివాడును పాళెము వెలుపలికి వెళ్లి, తన ఆయుధములతోపాటు తెచ్చుకొనిన గసికతో త్రవ్వి, తన మలమును తానే కప్పివేయవలెనని ఆజ్ఞ కలదు. దేవుడైన యెహోవా పాళెములో సంచరించుచున్నాడు గనుక పాళెము పరిశుద్ధముగా ఉండవలెను. ఇందులో రెండు సత్యములు గమనింపదగినవి. మరుగుదొడ్డి దేవుడు తలంచుకొననంత నీచమైన సంగతి కాదు. మరియు ఆ పని చేయుటకు ఏ గోత్రమును ఏర్పరచబడలేదు. ఎవని గసిక వానికే.

ఇక మార్కు 7వ అధ్యాయమున ప్రభువు, వెలుపలినుండి లోపలికి పోవునది గాక హృదయములోనుండి బయలువెళ్లునదే మనుష్యుని అపవిత్రపరచునని బోధించెను. చేతులు కడుగనక్కరలేదని దీని భావము కాదు. ఈ వాక్యమును అశుభ్రతకు ఆశ్రయముగా చేసికొనరాదు. ఆయన ఖండించినది నీళ్లను కాదు; తన చేతులు కడుగుకొని తోటివానిని తృణీకరించు హృదయమును. ఆయన కుష్ఠరోగిని ముట్టెను. ఆయన అపవిత్రుడు కాలేదు, రోగి శుద్ధుడాయెను. ఆయన తువాలు కట్టుకొని శిష్యుల పాదములు కడిగెను. చివరకు గవిని వెలుపల శ్రమపడెను. ఊరి వెలుపల నివసించువారిని వెదకువానికి అక్కడ మొదట కనబడువాడు మన ప్రభువే.

ఒక అతిథి అడిగిన ప్రశ్న

ఇతరులను గూర్చి వ్రాయుట సులభము. నన్ను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. దాదాపు 40 సంవత్సరముల క్రిందట మా సంఘపు వార్షిక కూడికలకు విదేశమునుండి ఒక వృద్ధ సహోదరుడు వచ్చి మా ఇంట బసచేసెను. తెల్లవారుజామున కల్లాపి చల్లుట, గడప వద్ద చెప్పులు విడుచుట, బిందెలు తళతళలాడుట చూచి ఆయన మిక్కిలి మెచ్చుకొనెను. నేను గర్వించితిని.

మూడవ దినమున దేవాలయ ఆవరణలోని మరుగుదొడ్ల గుంట నిండి పొంగెను. మధ్యాహ్నము ప్రేమవిందు ఉన్నందున తొందరపడి ఒక మనుష్యుని పిలిపించితిమి. అతడు ఉదయమంతయు బకెట్లతో తోడి, ఒడలు కడుగుకొని వచ్చి, “అయ్యగారూ, దాహమవుతోంది, కాసిని మంచినీళ్లు ఇప్పించండి” అనెను. విందుకొరకు తోమిపెట్టిన గ్లాసులు నా ప్రక్కనే బల్లమీద వరుసగా ఉన్నవి. నేను ఒక పిల్లవానిని పిలిచి, చెంబుతో ఎత్తి అతని దోసిట పోయుమంటిని. అతడు వంగి త్రాగి, మూతి తుడుచుకొని, “వందనాలండీ” అని వెళ్లిపోయెను. మనలో మనము చెప్పుకొను మాట అది. అతడు ప్రక్క గ్రామపు సంఘములో బాప్తిస్మము పొందిన విశ్వాసి అని తరువాత తెలిసెను.

అతిథి వరండాలో నిలిచి చూచుచుండెను. అప్పుడేమియు అనలేదు. విస్తళ్లు వేసి ప్రార్థనకు లేచినప్పుడు నావైపు తిరిగి, “ఉదయము మనకొరకు పనిచేసిన సహోదరుడు భోజనమునకు రాలేదేమి?” అని అడిగెను. నేను ఏదో సర్దిచెప్పితిని. ఆయన తన దేశమునకు వెళ్లి మన వీధులను గూర్చి ఏమి వ్రాసెనో నేనెరుగను. నాకు మాత్రము ఆ ఒక్క ప్రశ్న మిగిలెను.

ఇప్పుడు మన పని

కాలము కొంత మారినది. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ ఉద్యమము ఆరంభమాయెను. కోట్లకొలది మరుగుదొడ్లు కట్టబడెను. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము నూటికి 19 కుటుంబములు ఏ మరుగుదొడ్డిని వాడుకొనుట లేదు. మనుష్యులచేత మలము ఎత్తించుటను 1993లో ఒక చట్టమును, 2013లో మరింత కఠినమైన చట్టమును నిషేధించినవి. కోలారు బంగారు గనుల ప్రాంతమున పాకీపనివారి కుటుంబములో పుట్టి, మన ఆంధ్రదేశమున కొంతకాలము చదువుకొనిన బెజవాడ విల్సన్ ఈ దురాచార నిర్మూలనకై జీవితమంతయు పోరాడి 2016లో మెగసెసే పురస్కారము పొందెను. మురుగుగుంటలలో మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలు చెల్లింపవలెనని 2014లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో ఆ మొత్తమును 30 లక్షలకు పెంచెను. ఆ మొత్తమును పెంచవలసివచ్చుటయే, మరణములు ఇంకను ఆగలేదని తెలుపుచున్నది.

చట్టము గుంటను మూయగలదు; హృదయమును మార్చలేదు. అది సంఘము పని. మన దేవాలయపు గుంటను యంత్రముతో తప్ప మనుష్యునిచేత తీయింపకుందము, ఖర్చు ఎక్కువైనను సరే. ఊడ్చువారికి న్యాయమైన కూలిని ఆ దినమే ఇత్తము. కూడికల చివర ఆవరణను శుభ్రపరచుటకు పెద్దలే మొదట చీపురు పట్టుదురు గాక. మనము త్రాగు గ్లాసుతోనే వారికి నీరిత్తము. ఇవి చిన్నవే, కాని ఈ చిన్నవాటిలో తప్పినవాడను నేనే గనుక వీటి బరువు నాకు తెలియును.

రేపు మరియొక బాటసారి మన ఊరికి వచ్చును. అతడు మన వీధిని చూచి మెచ్చుకొనునో, ముక్కు మూసికొనునో, అది అతని సంగతి. మన పాళెములో సంచరించు మరియొకడున్నాడు. ఆయన మన వాకిలిని మాత్రమే చూచి వెళ్లువాడు కాడు.

ప్రార్థన: పరిశుద్ధుడవైన తండ్రీ, మా చేతులు కడుగుకొని తోటివానిని దూరముంచిన పాపమును క్షమించుము. మా మురికిని మోసినవారిలో నీ కుమారుని చూచు కన్నులు మాకు దయచేయుము. నీవు సంచరించుటకు తగినట్లు మా ఇండ్లను, మా వీధులను, మా హృదయములను శుద్ధిచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.