ఊరుకుంటే ఆగదు, చిన్నీ

చిరంజీవి చిన్నీకి,

అత్తయ్య ఆశీస్సులు. మావయ్యకు మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. సాయంత్రాలు గోదావరి గట్టు దాకా నడిచి వస్తున్నారు.

మొన్న మీ అమ్మ ఫోన్లో మాటల మధ్య ఒక సంగతి చెప్పింది. నువ్వు కిందటేడాది కొనుక్కున్న చేతి బ్యాండు, అదే, అడుగులూ నిద్రా గుండె వేగమూ లెక్కపెట్టేది, ఎప్పటినుంచో సొరుగులో పడి ఉందట. దాని సభ్యత్వం డబ్బు మాత్రం నెలనెలా నీ కార్డులోంచి పోతూనే ఉందట. ఎందుకు ఆపలేదే అంటే, "ఆపుదామని చూశానమ్మా, ఎక్కడ నొక్కినా మళ్ళీ మొదటికే వస్తోంది, పోనీలే, ఎంతని" అన్నావట. మీ అమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

నువ్వు సంపాదించుకుంటున్నావు, ఆ కాస్త డబ్బుతో నీకు కొంపలేమీ మునగవు. కానీ సంక్రాంతికి వచ్చినప్పుడు నిన్ను చూశాను. విస్తరి ముందు కూర్చుని కూడా ఆఫీసు ఫోనుకు "సరేనండీ, చేస్తానండీ" అంటూనే ఉన్నావు. పండగ మూడు రోజులూ నీ నోటివెంట "కుదరదు" అన్న మాట ఒక్కసారి వినలేదు. వద్దనుకున్నదాన్ని వద్దని చెప్పే శ్రమ కన్నా మొయ్యడమే సుఖమని నీకు అనిపిస్తున్నట్టుంది. ఇంతకు మించి రాయను. ఏ ఏ విషయాల్లోనో నీకే తెలుసు.

మన డాబా మీద స్తంభాల లోంచి పైకి పొడుచుకొచ్చిన ఇనప చువ్వలు నీకు గుర్తుండే ఉంటాయి. వేసవి సెలవులకు వచ్చినప్పుడు నువ్వూ మీ అన్నయ్యా వాటికి చీరలు కట్టి గుడారం వేసుకునేవాళ్ళు. తుప్పు పట్టి ముట్టుకుంటే ఎర్రగా అంటుకునేవి. అవి ఎందుకలా మిగిలిపోయాయో పిల్లలైన మీకు ఎవరమూ చెప్పలేదు.

అక్కడ తాతయ్యకు గది కట్టాలనుకున్నాం. మీ నాన్న ఉద్యోగం భిలాయ్‌లో కావడంతో తాతయ్య మా దగ్గరే ఉండేవారు. ఆయనకు ఉబ్బసం. కింద వెనక గదిలో గాలి ఆడేది కాదు, వర్షాకాలమంతా గోడలు చెమ్మగిల్లేవి. పైన గది వేస్తే గోదావరి గాలి తగులుతుందని, రాత్రిళ్ళు కాస్త నిద్ర పడుతుందని మా ఆశ. డబ్బు కూడబెట్టాం. చువ్వలు లేపించాం.

అది 1997. ఊళ్ళో ఎగ్జిబిషన్ పెడితే మావయ్య ఒక స్టాల్లో కూపన్ నింపి వచ్చారు. వారం తిరక్కుండానే ఫోను, మీకు బహుమతి వచ్చింది, దంపతులిద్దరూ ఫలానా హోటలుకు రండి అని. వెళ్తే కూల్ డ్రింకులిచ్చి, ఏసీ హాల్లో గంటల తరబడి కూర్చోబెట్టి ఏడాదికో వారం చొప్పున కొండ ప్రాంతాల్లో గడిపే సెలవుల క్లబ్బు గురించి చెప్పారు. లేవబోతే ఇంకొకాయన వచ్చి కూర్చునేవాడు. మావయ్య మెత్తని మనిషి, అంతసేపు శ్రమపడి చెప్పినవాళ్ళ ముఖం మీద కాదనలేకపోయారు. కొంత అక్కడే కట్టించుకుని, మిగతాదానికి రాబోయే తేదీలు వేసిన చెక్కులు సంతకం పెట్టించుకున్నారు. అవి అయ్యాక కూడా ఏటేటా నిర్వహణ రుసుమని ఒకటి ఉంటుందని ఆ కాగితాల్లో ఎక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

నెల తిరక్కుండానే మాకు వద్దనిపించింది. మావయ్య ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశారు. "సరే సార్, నోట్ చేసుకున్నాం" అన్నారు అవతలివాళ్ళు. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే మాట. చెక్కులు మాత్రం తేదీ తప్పకుండా బ్యాంకుకు వచ్చేవి. ఆపించుదామంటే, చెక్కు తిరిగొస్తే కేసు పెడతారని, జైలంటారని భయం. గది డబ్బు అలా చెక్కు చెక్కుగా కరిగిపోయింది. తాతయ్య ఆ వెనక గదిలోనే పోయారు. ఆయన ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

ఆ తరవాత ఎవరో చెబితే జిల్లా వినియోగదారుల ఫోరం దగ్గర ఒక ప్లీడరు గారిని కలిశాం. ఆయన రెండే ప్రశ్నలు అడిగారు. రద్దు చేయమని రాతలో ఎప్పుడు అడిగారు? డబ్బు కట్టి ఎన్నాళ్ళయింది? మొదటిదానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు. రెండోదానికి జవాబు చెబితే, చట్టం ఇచ్చిన రెండేళ్ళ గడువు దాటిపోయిందమ్మా అన్నారు. 1986లోనే వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం అది. మన కోసమే వచ్చింది. పదకొండేళ్ళ తరవాత కూడా, బడిలో పాఠాలు చెప్పే నాకు దాని సంగతి చెప్పిన నాథుడు లేడు. ఆనాటి నుంచే నేను ఈ చట్టాలు చదవడం మొదలుపెట్టాను. ఇవాళ మా వీధిలో ఫ్రిజ్జు దగ్గర్నుంచి ఫోను దాకా ఎవరికి ఏ పేచీ వచ్చినా అర్జీ నా చేతే రాయించుకుంటారు.

మా చిన్నతనంలో ఇంటికి వార పత్రికలు, పిల్లల పత్రికలు చందా మీద వచ్చేవి. చందా అయిపోయే నెలలో పత్రిక వాళ్ళే కార్డు రాసేవారు, ఈ సంచికతో మీ చందా ముగిసింది, కొనసాగించదలిస్తే ఫలానా మొత్తం పంపగలరు అని. కావాలనుకుంటే మా నాన్న, అంటే మీ తాతయ్య, పోస్టాఫీసుకు వెళ్ళి మనియార్డరు ఫారం నింపి, కింద చిన్న గడిలో చందా నంబరు వేసి, కమిషన్‌తో సహా కట్టి వచ్చేవారు. నేనూ వెంట వెళ్ళేదాన్ని. జిగురు డబ్బా వాసన, గుమస్తా ముద్ర వేసే చప్పుడు ఇప్పటికీ గుర్తే. చేతిలో డబ్బు తక్కువైన ఏడాది ఆయన ఏమీ చేసేవారు కాదు. పత్రిక ఆగిపోయేది, అంతే. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో ఊరుకుంటే ఆగిపోయేది, ఈ రోజుల్లో ఊరుకుంటే సాగిపోతోంది. మీ తరం నెత్తిన పడ్డ పెద్ద మార్పు ఇది, చిన్నీ. మనిషి మొహమాటం మీద, బద్ధకం మీద, మతిమరుపు మీద బతికే వ్యాపారాలు తయారయ్యాయి. చేరడానికి ఒక్క నొక్కు చాలు. వెళ్ళిపోవాలంటే మాత్రం పది గదులు దాటాలి. పోనీ అవన్నీ దాటి వెళ్తే, చివర "మీ ఆరోగ్యం మీద మీకు శ్రద్ధ లేదా?" అని అడుగుతారు. ఎంత మాట అది! ఆడపిల్ల నిద్ర, నాడి, నెలసరి అన్నీ రాసి పెట్టుకున్నవాళ్ళు, డబ్బు ఇవ్వనంటే అలా అడుగుతారా?

రాత్రి నిద్ర పట్టిందో లేదో పొద్దున్నే లేచి అంకెలు చూసి తెలుసుకోవడం నాకు నచ్చదు. తక్కువ మార్కులు వచ్చాయని నువ్వు ఆ పూటంతా దిగులుగా ఉండేదానివని అమ్మ చెప్పింది. అది సొరుగులోకి పోయినందుకు నాకు సంతోషమే. దాన్ని తీసేసిన చెయ్యే దాని డబ్బూ ఆపాలి.

ఇక పనిలోకి దిగు. ఈ ఆదివారమే కూర్చో, వాయిదా వెయ్యకు.

ముందు డబ్బు ఏ దారిన పోతోందో తేల్చుకో. యాప్ తీసేసినంత మాత్రాన, బ్యాండు విప్పేసినంత మాత్రాన సభ్యత్వం ఆగదు. ప్లే స్టోర్ ద్వారా చేరి ఉంటే ప్లే స్టోర్‌లో నీ బొమ్మ మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళి అక్కడ రద్దు చెయ్యాలి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో నీ పేరు కింద సబ్‌స్క్రిప్షన్స్ ఉంటుంది. కంపెనీకి నేరుగా కార్డు ఇచ్చి ఉంటే వాళ్ళ సైటులోనే రద్దు చేసి, తరవాత బ్యాంకు యాప్‌లో ఆ కార్డు నుంచి నెలనెలా డబ్బు తీసుకోమని ఇచ్చిన ఆదేశాన్ని (మాండేట్) కూడా తీసెయ్. యూపీఐ అయితే ఆటోపే అన్న చోట. రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమల్లో ఉంది. ఇలాంటి నెలవారీ కోతకు కనీసం 24 గంటల ముందు నీకు కబురు రావాలి, ఆ కబురు చూసి నువ్వు ఆపుకునే వీలుండాలి, ఆదేశాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు రద్దు చేసుకోవచ్చు, దానికి రుసుము లేదు. 15,000 రూపాయల లోపు కోతలకు ఓటీపీ కూడా అడగరు కాబట్టి ఆ కబుర్లు చదవకుండా తుడిచెయ్యకు.

ఒక జాగ్రత్త. బ్యాంకులో ఆదేశం తీసేస్తే డబ్బు పోవడం ఆగుతుంది కానీ కంపెనీతో ఒప్పందం ముగిసినట్టు కాదు. బ్యాండు ఉచితమని చెప్పి ఏడాది కట్టుబాటు పెట్టే కంపెనీలు ఉన్నాయి. మిగిలిన నెలల డబ్బు అడగవచ్చు, బ్యాండు వెనక్కి పంపమనవచ్చు. ఒప్పందం చదువు. పంపాల్సి వస్తే రసీదు దాచు. ఒప్పందం తప్పినందుకు నష్టంతో పొంతన లేని జరిమానా వేస్తే దాన్ని అన్యాయమైన ఒప్పందమని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అంటుంది. అలాగని నచ్చలేదన్న కారణంతో గడిచిపోయిన నెలలన్నిటి డబ్బూ రాబట్టుకోవచ్చని అనుకోకు, అది రాదు. రద్దు చేయమని అడిగాక కూడా తీసుకున్నది మాత్రం గట్టిగా అడుగు.

ఎలా అడగాలంటావా? కంపెనీ సైటులో ఫిర్యాదుల అధికారి పేరూ ఈమెయిలూ ఉండి తీరాలి. ఆయనకు నాలుగే వాక్యాలు రాయి. "నా సభ్యత్వాన్ని ఈ తేదీ నుంచి రద్దు చేయండి. ఇకపై నా ఖాతా నుంచి ఏ మొత్తమూ తీసుకోవడానికి నా అనుమతి లేదు. రద్దు కోరిన తరవాత తీసుకున్న సొమ్ము వాపసు చేయండి. నా ఆరోగ్య వివరాలన్నీ చెరిపేసి ఆ సంగతి రాతపూర్వకంగా తెలపండి." క్షమించండి, దయచేసి, వీలైతే, ఇవేవీ వద్దు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆయన 48 గంటల్లో నీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. విదేశీ కంపెనీ అయినా ఇక్కడివాళ్ళకు పద్ధతిగా అమ్ముతుంటే ఈ నియమాలు వర్తిస్తాయి. నువ్వు ముందు ప్రయత్నించినప్పుడు మళ్ళీ మొదటికే తెచ్చిన ఆ తెరలన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి ఉత్తరానికి జతచెయ్. రద్దును చిక్కుముడిగా చేయడం, రద్దు మీటను దాచడం, వెళ్ళిపోయేవాళ్ళను సిగ్గుపడేలా చేయడం, ఇవన్నీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నిషేధించిన 13 మోసపు ఎత్తుల జాబితాలో ఉన్నాయి. నీ చేతకానితనం కాదది, వాళ్ళు కావాలని కట్టిన గోడ.

జవాబు రాకపోతే 1915. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడు. ఫిర్యాదు నంబరు రాసుకో. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఎక్కడున్నా నువ్వున్న జిల్లాలోనే వెయ్యవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వెయ్యవచ్చు. చెల్లించినది 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, ప్లీడరు తప్పనిసరి కాదు. గడువు మాత్రం ఇప్పటికీ రెండేళ్ళే.

ఇంకొకటి. ఇది ముగిశాక నీ కార్డు మీద ఇలాంటివి ఇంకేమున్నాయో చూసుకో. నువ్వు కనీసం మూడు మర్చిపోయి ఉంటావని నా అనుమానం.

రద్దయినట్టు వచ్చిన మెయిలు నాకు పంపు, ఆదివారం రాత్రి చూస్తాను. రాలేదంటే సోమవారం పొద్దున్నే ఫోన్ చేస్తాను, ఆఫీసు టైమని పెట్టెయ్యకు. మనిద్దరం కలిసి చేద్దాం.

మావయ్య ఆశీస్సులు చెప్పమన్నారు.

మీ అత్తయ్య