ఎండలో పూయు తోట

మూలవాక్యము: యిర్మీయా 29:4-7



బబులోనులో చెరనున్నవారికి యిర్మీయా యెరూషలేము నుండి ఒక ఉత్తరము పంపెను. ఇల్లు, పెండ్లి, బిడ్డలు, పట్టణ క్షేమము, వీటితోపాటు ఆ ఉత్తరములో తోట మాట కూడ ఉన్నది. ఆ కాలములోనే హనన్యా అను ప్రవక్త రెండు సంవత్సరములలో అంతయు తిరిగి వచ్చునని చెప్పెను (28:3). యిర్మీయా చెప్పినది డెబ్బది సంవత్సరములు (29:10). రెండేండ్ల మాట నమ్మినవాడు పార పట్టడు. డెబ్బది ఏండ్ల మాట నమ్మినవాడే మన్ను త్రవ్వును.

మనలను ఎవరును చెరపట్టి తీసికొని రాలేదు. మగ్గముల పనికి షోలాపూరు, భీవండీలకు, గని పనికి కోలారుకు, ఇంకా ఎన్నో పనులకు ఎన్నో ఊళ్లకు వచ్చినవారి సంతానము మనము. కోలారు బంగారు గనులు 2001లో మూతపడినను, అక్కడ పుట్టిన బిడ్డలకు అదే సొంత ఊరు. అయినను ‘మన ఊరు’ అనగానే మన పెద్దలకు ఒంగోలో, నెల్లూరో, పాలమూరో మనసులో మెదలును. రిటైరు కాగానే వెళ్లిపోదుము అనుకొనుచునే ముప్పది ఏండ్లు గడిపినవారు మనలో లేరా?

దీనికి సాక్ష్యము మే నెలలో మన మందిరపు ఆవరణమే. క్రిస్మసుకు పూలకుండీలు కొని తెత్తుము. ఎండ ముదరగానే అవి మాడిపోవును. కుండీలను గోడ ప్రక్కన బోర్లించి, ఈ ఊరి ఎండలో ఏమియు బ్రతుకదు అందుము. వి.బి.యస్.కు వచ్చిన పిల్లలకు కనబడునది వట్టి మన్నే.

ప్రియులారా, తప్పు ఎండది కాదు, ఎన్నికది. పిటూనియా, పాన్సీ, ఫ్లాక్సు, ఆస్టరు వంటివి చలికాలపు పూలు. వాటిని ఏప్రిలులో బ్రతికించబూనుట మొక్కకును శ్రమ, మనకును శ్రమ. ఎండకే తగిన పూలను దేవుడు వేరుగా కలుగజేసియున్నాడు. వాటిలో నాలుగింటిని చెప్పుదుము.

మొదటిది గడ్డి గులాబీ. తమిళనాట పత్తుమణి పూ, మహారాష్ట్రలో చినీ గులాబ్ అందురు. దళసరి ఆకులలో నీరు దాచుకొని, ఎండ వచ్చినప్పుడే రేకులు విప్పును. విత్తనము మిక్కిలి సన్నము గనుక ఇసుకతో కలిపి పైపైన చల్లవలెను. కొమ్మ త్రుంచి గ్రుచ్చినను నాటుకొనును. రెండవది బొగడబంతి. విత్తనములను రాత్రి నానబెట్టి ఉదయమున నాటవలెను. కోసి ఆరబెట్టినను దాని రంగు పోదు. మూడవది జీనియా. నేలలోనే పావు అంగుళము లోతున విత్తి, మొక్కకు మొక్కకు అడుగు ఎడమిచ్చినయెడల సుమారు రెండు నెలలకు పూయును. నాలుగవది బిళ్ళగన్నేరు. తమిళులు నిత్యకల్యాణి అనియు, మరాఠీలు సదాఫులి అనియు పిలుతురు. నీరు నిలిచిన దీని వేరు కుళ్ళును. ఇది విషపు మొక్క గనుక పిల్లలు నోట పెట్టకుండ చూడవలెను. అయినను రక్త క్యాన్సరుకు ఇచ్చు విన్‌క్రిస్టిన్ మందు ఈ మొక్కనుండియే వచ్చినది.

మరియొక సంగతి గమనించుడి. ఈ నాలుగింటిలో ఒక్కటియు ఈ దేశపుది కాదు. జీనియా మెక్సికోది, బొగడబంతి మధ్య అమెరికాది, గడ్డి గులాబీ దక్షిణ అమెరికాది, బిళ్ళగన్నేరు మడగాస్కరుది. సముద్రములు దాటి వచ్చి, ఒక్కొక్క భాషలో ఒక్కొక్క పేరు పెట్టించుకొని, ఇప్పుడు ప్రతి వాకిట పూయుచున్నవి. పేరు మారినను పువ్వు మారలేదు. ఎండను తప్పించుకొనలేదు, ఎండలోనే పూచినవి. వలస వచ్చిన మనకు ఇంతకంటె మంచి పాఠమేది?

ఇక పెంచు విధము. ఫిబ్రవరి నడుమ నుండి మార్చి లోపల విత్తవలెను. మే ఎండలు రాకముందే వేరు లోతుకు పోవలెను. దినమున ఆరు గంటలైనను ఎండ తగులు చోటు చూడవలెను. రోజుకు నాలుగుమార్లు పైపైన చిలకరించినయెడల వేరు పైననే ఉండిపోయి ఒక్క దినపు ఎండకే మొక్క వాలిపోవును. తెల్లవారుజామున మొదట్లో నిండుగ పోసి, పైమన్ను ఆరిన తరువాతనే మరల పోయవలెను. అప్పుడు వేరు నీటిని వెదకుచు క్రిందికి దిగును. జీనియా ఆకులు తడిసిన తెగులు పట్టును. మొదళ్ల చుట్టు ఎండుటాకులో, కొబ్బరి పీచో, వేరుసెనగ పొట్టో రెండు అంగుళములు పరచిన నేల చల్లగానుండును. ఎరువు మితిమీరినయెడల ఆకులే గాని పువ్వులుండవు.

జనులకు త్రాగుటకే నీరు కరవైనప్పుడు పూలకు పోయవచ్చునా అని అడుగువారున్నారు. ఇది న్యాయమైన ప్రశ్న. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి త్రాగునీటిని తోటలకు వాడరాదని, వాడినచో 5,000 రూపాయల జరిమానా యని ఆజ్ఞాపించినది. ప్రభువు బల్లమీద పువ్వుకొరకు పొరుగువాని బిందె ఖాళీ చేయుట ఆయనకు ఇష్టమైన అర్పణ కాదు. అందుకే తక్కువ నీటితో బ్రతుకు మొక్కను ఎన్నుకొమ్మని మేము చెప్పుచున్నాము. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు ప్రతి ఇంట ఉన్నది. పది కుండీలకు అది చాలును. అదియు లేని దినములలో కుండీలు తగ్గించుకొందము.

ఎండు పువ్వుకు ఇంత శ్రమయా అని మరికొందరందురు. వేడిగాలికి పువ్వు రాలునని యాకోబు కూడ వ్రాసెను (1:11). నిజమే, ఈ మొక్కలలో పెక్కింటి ఆయుష్షు ఒక్క కాలమే. అయినను నేడుండి రేపు పొయ్యిలో వేయబడు గడ్డిని సయితము దేవుడు అలంకరించునని మన ప్రభువు చెప్పెను (మత్తయి 6:30). జీనియా, బొగడబంతి మొక్కల చిగుళ్లు లేతగానున్నప్పుడే త్రుంచినయెడల కొమ్మలు పెరుగును. వాడిన పూలు తీసివేయుచుండిన క్రొత్తవి వచ్చును. కాని చివరి పూలను మాత్రము కోయక, మొక్కమీదనే ఎండనిచ్చి విత్తనము తీయవలెను. కాగితపు పొట్లములో ఆరగట్టి ఉంచిన మరుసటి ఫిబ్రవరికి కొననక్కరలేదు. ఒక్క వేసవియే బ్రతికినది రాబోవు వేసవికి వదలిపోవు ఆస్తి అదియే. మన ముందు తరము వారును ఈ ఊళ్లలో అట్లే విత్తనము వదలిపోయిరి. మనము తెలుగులో ఆరాధించుచున్న మందిరములు ఆ విత్తనమునుండి మొలిచినవే.

కాబట్టి ప్రతి సంఘమును ఈ ఫిబ్రవరిలో ఒక మడి చేయవలెనని కోరుచున్నాము. విత్తుట సండేస్కూలు పిల్లల చేతనే చేయించుడి. మే నెల వి.బి.యస్. నాటికి వారు నాటినవే వారికి పూచి కనబడును. వర్షములు వచ్చులోగా విత్తనము తీసి మూడు పాళ్లు చేయుడి. ఒకటి మందిరమునకు, ఒకటి మన ఇండ్లకు, ఒకటి మందిరపు ప్రక్కనున్న కన్నడిగునికో, తమిళునికో, ఒడియావానికో, మరాఠీవానికో. పట్టణ క్షేమమును కోరుడని యిర్మీయా వ్రాసిన మాట ఒక విత్తనపు పొట్లముతోనైనను మొదలు కావచ్చును.

రెండేండ్లలో వెళ్లిపోదుము అనువారికిని సాకు లేదు. జీనియా పూయుటకు రెండు నెలలు చాలును.

మనలను నాటిన దేవుడు మన వేళ్లను లోతుకు దించి, ఎండకాలమందును మనలను పూయించును గాక. ఆమేన్.